తాళం తిప్పే చోటు

పలమనేరు దాటిన దగ్గర్నుంచీ వినిపిస్తోంది ఆ ఈల. అసలు ఈల వేరే ఉంది, అది టర్బో ఈల, కారు కొన్న కొత్తలో తిరుపతి బైరాగిపట్టెడలో తమ వీధిలో ఉన్న ప్రతి మగవాడినీ పిలిచి బానెట్ ఎత్తి మరీ వినిపించాడు మునికృష్ణ, ఒకరిద్దరు చెప్పులు విడిచి విన్నారు కూడా. ఇది అది కాదు. దాని పక్కనే, దానికంటే సన్నగా, కుక్కర్ కూత పెట్టబోయే ముందు ఆవిరి కూడగట్టుకుంటున్నట్టు ఇంకోటి. యాక్సిలరేటర్ వదిలితే పోతోంది, నొక్కితే వస్తోంది. పోయినప్పుడు పోయిందిలే అనుకుంటున్నాడు, వచ్చినప్పుడు గాలేమో అనుకుంటున్నాడు. అద్దం దించి చూశాడు, గాలి లేదు, మే నెల ఎండలో రోడ్డు పక్క చింతచెట్లు ఆకు కదలకుండా నిలబడి ఉన్నాయి. కారులో ఇంకెవరికీ వినిపిస్తున్నట్టు లేదు. పక్క సీట్లో నాయన చెంగల్రాయుడు, సీటుబెల్టు పెట్టుకోకుండా, పోలీసులకు పెట్టుకున్నట్టు కనిపిస్తే చాలని భుజం మీద కండువాలా వేసుకుని, రోడ్డు చూస్తున్నాడు. వెనక సీట్లో భార్య జ్ఞానాంబ, చెల్లెలి గృహప్రవేశంలో తాంబూలంతో పాటు ఇచ్చిన జాకెట్టుగుడ్డను కిటికీ వెలుతురుకు పట్టి పరీక్ష చేస్తోంది. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మునికృష్ణ కూడా ఏనాడూ ల్యాబులో దేన్నీ అంత శ్రద్ధగా చూసింది లేదు. కూతురు ఐశ్వర్య, పన్నెండేళ్లది, అమ్మ ఒళ్లో కాళ్లు పెట్టి నిద్రపోతోంది. సీటు మీది ప్లాస్టిక్ కవరు దాని చెంపకు అతుక్కుని, కారు గుంతలో పడ్డప్పుడల్లా చిటుక్కున ఊడుతోంది. మూడేళ్ల క్రితం కారు కొన్నాక కొత్తగా కుట్టించిన సీట్లవి, ఆ కవర్లు ఇంకా తియ్యలేదు, తీస్తే సీట్లు పాతవైపోతాయి, కొత్త సీట్లు ఉన్నాయన్న ధైర్యంతో ప్లాస్టిక్ మీద చెమటోడుస్తూ కూర్చోవడమే అందరికీ అలవాటైపోయింది.

"ఏమండీ, ఇది పోయిన శ్రావణంలో మనం దానికి పెట్టిన గుడ్డే," అంది జ్ఞానాంబ. "అంచు మీద పసుపు మరక గూడా అట్లనే ఉండాది."

తిరిగొచ్చేసిందన్నమాట. తమ బీరువాలో పుట్టిన గుడ్డ పలమనేరు దాకా పోయి, అక్కడ ఎవరికీ జాకెట్టు కాకుండా, వచ్చిన దోవనే తిరిగొచ్చింది, టర్బో కూడా అంతే కదా, ఇంజన్ వద్దని బయటికి వదిలేసిన పొగ పోతూ పోతూ ఒక చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం ఇంకో చక్రాన్ని తిప్పుతుంది, అది బయటి గాలిని పట్టి బలవంతంగా ఇంజన్ గొంతులోకి తోస్తుంది. ఇదే మాట మధ్యాహ్నం షామియానా కింద, చేతిలో వడ పట్టుకుని, పంక్తి పంక్తంతటికీ చెప్పాడు. మామూలు ఇంజన్ తన రొమ్ముకు పట్టినంత గాలి తనే పీల్చుకుంటుందప్పా, దీనికి మనం కూరి కూరి పెడతాం. జర్మనీ, ఇటలీ, జపాన్, రేసుకార్లు చేసేవాళ్లు ఒక్కొక్కరే పాత ఇంజన్లు వదిలేసి దీనికే మారిపోతా ఉండారు. ఆ కార్లను మునికృష్ణ చూసింది రైల్వేస్టేషన్ పుస్తకాల కొట్లో, ఇంగ్లీషు పత్రికల్లో, అది కూడా కొట్టువాడు దగ్గేదాకా నిలబడి. నాలుగేళ్ల క్రితం ఇదే మునికృష్ణ, స్టాఫ్ రూములో బల్ల గుద్ది, సొంతంగా ఊపిరి పీల్చుకోలేని ఇంజన్ ఒక ఇంజనేనా, ఇటలీవాడు ఎర్రకారుకు టర్బో పెట్టిన రోజు తను కార్ల పుస్తకం ముట్టుకోనని శపథం చేశాడు. ఇటలీవాళ్లకు ఆ సంగతి తెలియలేదు. తర్వాత ఈ సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు చవగ్గా దొరికింది, దాని వెనక అద్దం మీద టర్బో అని వెండిరంగు అక్షరాలున్నాయి, వారంలోపల శపథం తిరగబడింది. ఇప్పుడు స్టాఫ్ రూములో సొంత ఊపిరి ఇంజన్ల గురించి చనిపోయినవాళ్ల గురించి మాట్లాడినట్టు మెత్తగా మాట్లాడతాడు.

ఈల. నొక్కితే వచ్చింది, వదిలినా కాసేపు ఉండిపోయింది. అద్దంలో వెనక్కి చూశాడు, కారు వెనక రోడ్డు నీలంగా కనిపించింది, ఎండకు అట్లా కనిపిస్తుంది లెమ్మనుకున్నాడు, కానీ ఎండ నీలంగా ఉండదని క్లాసులో చెప్పేది తనే. ఆ నీలం వెనక, తోడల్లుడు గిరిప్రసాద్ తెల్ల పెట్రోలు కారు. అత్త అలివేలమ్మను బంగారుపాళ్యంలో దింపడానికి వస్తున్నాడు. పెద్దల్లుడి కారులో రమ్మంటే ఆమె, ఆ ప్లాస్టిక్ మీద కూర్చుంటే తొడలు కాల్తాయి నాయనా, అని చిన్నల్లుడి ఏసీ కారెక్కింది. బయల్దేరేటప్పుడు మునికృష్ణ కారు స్టార్టు చేయగానే షామియానా సగం కనపడకుండా పోయింది. గిరిప్రసాద్ ముక్కు మీద కర్చీఫ్ పెట్టుకుని వచ్చాడు.

"ఏందన్నా, మున్సిపాలిటీ దోమల పొగ బండి వేలంలో పాడుకున్నావా?"

"టర్బో అంటే అట్లనే ఉంటాది గిరీ. రవ్వంత పొగ లేకుంటే బలం యాడ్నుంచి వస్తాది."

"మైలేజీ ఎంతిస్తా ఉండాది?"

"ఇరవై."

అబద్ధం. పద్నాలుగు. గిరిప్రసాద్ పదహారు అన్నాడు, అదీ అబద్ధమే అయ్యుంటుంది, కానీ ఇరవై అన్న మాట ఒకసారి షామియానా కింద పడ్డాక దాన్ని మళ్లీ ఎత్తుకోలేం. ఇప్పుడు కారు ఆపి బానెట్ ఎత్తితే, వెనక గిరిప్రసాద్ ఆపుతాడు, దిగుతాడు, నడుం మీద చేతులు పెట్టుకుని వంగి చూస్తాడు, ఇన్‌కమింగ్ ఫ్రీ అయి నాలుగేళ్లవుతున్నా ఇంకా మిస్డ్ కాల్ ఇచ్చే మనిషి, ఈ ఒక్క సంగతి చెప్పడానికి మాత్రం బంధువులందరికీ డబ్బులు పెట్టి ఫోన్ చేస్తాడు. అందుకని ఆపలేదు. ఆపాల్సిందని తెలుసు. నెల రోజులుగా ఇంజన్ ఆయిల్ తగ్గుతోందని తెలుసు, కారు కింద చుక్క పడటం లేదంటే అది ఎక్కడికి పోతోందో తెలుసు, టర్బో ఇరుసు దగ్గర బిళ్ల అరిగిపోతే ఆయిల్ గాలిదారిలోకి కారుతుందని పుస్తకంలో బొమ్మతో సహా చూశాడు. ఎందుకు అరుగుతుందో కూడా తెలుసు. పరిగెత్తి వచ్చిన ఇంజన్ని టక్కున ఆపకూడదు, ఒక్క నిమిషం ఊరికే తిరగనివ్వాలి, లేకుంటే ఆ కాలే ఇరుసు మీద ఆయిల్ అట్లే మాడి బొగ్గవుతుంది. ఈ మాట వీధిలో ఎందరికో చెప్పాడు. కార్లు లేనివాళ్లకు కూడా చెప్పాడు. కానీ ఇంటిముందు ఆగి ఆ ఒక్క నిమిషం కూర్చోవడం ఉంది చూడండి, వరండాలో నాయన లేచి నిలబడతాడు, ఎదురింటివాళ్లు కిటికీ తెరుస్తారు, ఏం సార్ బండి ఆగలేదా అంటారు, లోపల డీజిల్ చుక్క చుక్కా కాలిపోతున్నట్టు మునికృష్ణకు అరికాళ్లలో తెలుస్తుంది, పదిదాకా లెక్కపెట్టేలోపే చెయ్యి దానంతటది తాళం తిప్పేస్తుంది. మూడేళ్లుగా ప్రతి సాయంత్రం, తెలిసి తెలిసి, పదిలోపే.

పొద్దున బయల్దేరే ముందు ఇంజన్లో ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూస్తే ఆయిల్ అడుగున ఉంది. అర డబ్బా పోస్తే గుర్తు దాకా వచ్చేసింది. మిగతా అర డబ్బా చేతిలో పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. ఇంట్లో పెడితే ఒలుకుతుంది, జ్ఞానాంబ నూనె అనుకుని దీపంలో పోసినా పోస్తుంది, డిక్కీలో పెడితే గృహప్రవేశానికి తీసుకెళ్లే లడ్డూలకు వాసన పడుతుంది. అదీ పోసేశాడు. ఎక్కువైతే ఏమవుతుంది, ఎక్కువే కదా, తక్కువ కాదు కదా. ఫిజిక్స్ చెప్పే మనిషి అట్లా అనుకున్నాడు.

వెనక నుంచి రెండు హారన్లు. గిరిప్రసాద్ పొగ భరించలేక దాటేశాడు, దాటుతూ ఎడమ చేత్తో ముక్కు మూసుకుని చూపించాడు, వెనక సీట్లో అలివేలమ్మ చెయ్యి ఊపింది, తెల్ల కారు మలుపులో కనిపించకుండా పోయింది. ఇప్పుడు ఆపొచ్చు. ఇప్పుడు చూసేవాళ్లు లేరు. ముందర మొగిలి ఘాటు మొదలయ్యే చోట టీకొట్టు ఉంది, లారీలు నిలబడి ఉంటాయి, అక్కడ ఆపి, టీ తాగుదాం అని, ఊరికే అన్నట్టు. కానీ టీకొట్టు కంటే ముందే నాయన ముఖం మారడం మొదలైంది, ఘాటు దగ్గరపడితే ఎప్పుడూ మారినట్టే, పెదవులు కొంచెం విచ్చుకుని, మెడ ముందుకు సాగి, ఎనభై ఏళ్ల మనిషి ఆ మలుపు దగ్గర నలభై ఏళ్లవాడవుతాడు. అప్పట్లో నాయన బంగారుపాళ్యం మండీకి మామిడికాయ తోలిన జీపు. వెనక గోనె సంచుల్లో తోతాపురి, సంచుల మీద మనుషులు, ముందు సీట్లో నాయన మోకాలి పక్కన పిల్లవాడు మునికృష్ణ, కాళ్లు నేలకందవు, ఇంజన్ వేడి చెక్కలోంచి పిర్రలకు తగిలేది. ఘాటు నెత్తిన, సరిగ్గా ఆ తెల్లసున్నం పూసిన రాయి దగ్గర, నాయన గేరు తీసేసేవాడు, తాళం తిప్పేవాడు, తిప్పి తాళం ఊడబెరికి చొక్కా జేబులో వేసుకునేవాడు. అంతే. అంతసేపూ ఊగిపోతూ అరిచిన జీపు నోరు మూసుకునేది. సంచుల మీద మనుషులు కూడా మాట ఆపేసేవాళ్లు, ఎవరూ చెప్పకుండానే. టైర్ల కింద ఇసుక నలిగే చప్పుడు, కొండమీద ఎక్కడో మేక, ఒళ్లంతా గాలి. దానికీ రవ్వంత ఊపిరి తీసుకోనీరా, పొద్దట్నుంచీ మనల్ని మోస్తా ఉండాది, అనేవాడు నాయన. డీజిల్ మిగుల్తుందనేవాడు కాదు. ఆ మాట తర్వాత మునికృష్ణ చేర్చుకున్నది.

ఆ జీపుకు స్టీరింగ్ తాళం లేదు. ఈ కారుకు ఉంది, తాళం పీకితే స్టీరింగ్ బిగుసుకుపోతుంది. ఆ జీపుకు కాలిబలమే బ్రేకు. ఈ కారుకు ఇంజన్ తిరుగుతుంటేనే బ్రేకు మెత్తగా ఉంటుంది, ఆగిపోయాక రెండుసార్లు పట్టుకుంటుంది, మూడోసారికి రాయి. ఇవన్నీ తెలిసిన మనిషి కాబట్టి మునికృష్ణ పద్ధతిగా రెండు నియమాలు పెట్టుకున్నాడు: తాళం తిప్పాలి కానీ పీకకూడదు, బ్రేకు రెండుసార్లే నొక్కాలి. మూడేళ్లుగా ఎన్నిసార్లు ఈ దోవలో వచ్చినా, వెనక భార్యాబిడ్డల్ని పెట్టుకుని, ఆ రెండు నొక్కుల మీదే ఘాటు దిగాడు. తను ఒక్కడే కాదు. కింద గుజ్జు ఫ్యాక్టరీలకు కాయ తోలే లారీలవాళ్లూ అంతే, సున్నం రాయి దగ్గర అందరి చేతులూ తాళం మీదికి పోతాయి. మామిడి కాలంలో మొగిలి ఘాటులో దిగే బండ్లకు చప్పుడుండదు, ఎక్కేవి మాత్రమే అరుస్తాయి.

టీకొట్టు వచ్చింది. లారీ ఒకటి కదలడానికి సిద్ధంగా, తాళ్లు బిగించుకుని, కాయల మీద ఎండిన వేపమండలు. ఆపు. కాలు బ్రేకు మీదికి పోయింది కూడా. ఐశ్వర్య నిద్రలో కదిలింది, వాళ్లమ్మ గుడ్డ మడత పెడుతోంది, ఆపితే టీ, టీతో పాటు బజ్జీ, బజ్జీ తింటే తలుపులు, ఒక్కొక్కరూ దిగడం, ధడేల్మని వెయ్యడం. తలుపులు ఎవరూ గట్టిగా వెయ్యకూడదనే వెనక తలుపులకు పిల్లల తాళం పెట్టించాడు, లోపల్నుంచి తెరుచుకోవు, తనే దిగి తియ్యాలి, తనే మెల్లగా ముయ్యాలి, చూసేవాళ్లకు మంత్రిగారి డ్రైవరులా ఉంటుంది, జ్ఞానాంబ ఆ సంగతి ఎప్పుడూ కాదనలేదు. ఇంకో అరగంటలో బంగారుపాళ్యం. అక్కడ ఆపుదాం. అక్కడైతే మెకానిక్కులుంటారు. కాలు బ్రేకు మీద నుంచి లేచింది. టీకొట్టు అద్దంలోకి వెళ్లిపోయింది, నీలంగా.

"వచ్చేసింది కిష్టా," అన్నాడు నాయన. "తిప్పు."

తెల్లరాయి. కారు ముక్కు కిందికి వంగింది, పొద్దున పోసిన ఎక్కువ ఆయిల్ లోపలెక్కడో ముందుకు ఒరిగి ఉంటుంది, ఆ తలపు ఒక్క క్షణం వచ్చి, చెయ్యి అలవాటుగా గేరు తీసి, అలవాటుగా తాళం తిప్పింది. ఆ నిశ్శబ్దం కోసం మెడ దానంతటది వెనక్కి వాలింది. రాలేదు. డాష్‌బోర్డు లైట్లన్నీ ఆరిపోయాయి, ఇంజన్ ఆరలేదు. తిరుగుతోంది. సరిగ్గా తిరగలేదేమో తాళం. మళ్లీ ముందుకు తిప్పి వెనక్కి తిప్పాడు. తిరుగుతోంది. ఇంకొంచెం గట్టిగా తిరుగుతోంది. కాలు దేని మీదా లేదు, గేరు లేదు, డీజిల్ లేదు, అయినా ఎవరో యాక్సిలరేటర్ తొక్కుతున్నట్టు, మెల్లగా కాదు ఇప్పుడు, పైకి, ఇంకా పైకి, రెండు ఈలలూ కలిసి ఒకటై, బానెట్ వణుకుతూ. సొంత నూనెనే డీజిల్‌లా తాగుతోంది. బొమ్మతో సహా చూశాడు. తాళం డీజిల్‌ని ఆపుతుంది, ఆయిల్‌ని ఎవరు ఆపుతారు, అది ఉన్నదంతా తాగేదాకా ఆగదు, ఎంత ఉంది, అర డబ్బా ఎక్కువే ఉంది.

"తాళం తిప్పరా," అన్నాడు నాయన.

"తిప్పినా నాయనా."

"తిప్పుంటే ఎందుకు అరస్తాది. సరిగ్గా బిగిసినట్టు లేదు, ఉండు, పీకతా."

వెనక తెల్లటి పొగ గోడ. అద్దంలో ఆకాశం లేదు, రోడ్డు లేదు. కారు ఘాటులోకి జారుతోంది, ఎడమ పక్క కొండ, కుడి పక్క సిమెంటు దిమ్మెలు, దిమ్మెల అవతల చెట్ల తలలు, ముందర మలుపు, మలుపు దగ్గరకొస్తోంది, నాయన చెయ్యి, ముడతలు పడి గోళ్లు మందమైన ఆ చెయ్యి, నలభై ఏళ్లు తాళాలు పీకి జేబులో వేసుకున్న చెయ్యి, స్టీరింగ్ కిందికి వచ్చింది, తాళాన్ని పట్టుకుంది. పీకితే బిగుసుకుపోతుంది. మలుపు. మునికృష్ణ నాయన చేతి మీద కొట్టాడు. గట్టిగా, చప్పుడయ్యేలా, ఆ అరుపులో కూడా ఆ చప్పుడు విడిగా వినిపించింది. ముసలాయన చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుని దాన్ని చూసుకున్నాడు. జ్ఞానాంబ ఏమో అంటోంది, ఏమండీ అన్నది మాత్రం తెలుస్తోంది, పిల్ల లేచింది. స్టీరింగ్ తిప్పాడు, తిరిగింది, ఇంజన్ చావలేదు కాబట్టి బ్రేకు బతికే ఉంది, నొక్కాడు, పట్టుకుంది, మళ్లీ నొక్కాడు, రెండు, మూడు, ఇవాళ నియమం లేదు. మలుపు దాటుతూ దాటుతూ కారు నడకంత నెమ్మదైంది. టాప్ గేరు వెయ్యి. బ్రేకు మీద నిలబడు. క్లచ్ ఒక్కసారిగా వదులు. షామియానా కింద వడతో చూపించాడు ఇదే, ఆగని ఇంజన్ని బలవంతంగా ఆపేది ఎట్లాగో, వడను ఇంజన్ అనుకోండి అని. క్లచ్ వదిలాడు. కారు కుక్క విదిలించుకున్నట్టు విదిలించుకుంది, డిక్కీలో ఖాళీ లడ్డూ డబ్బా ఎగిరిపడింది, కాలిన తోలు వాసన, ఇంజన్ పళ్లు కొరికింది, ఆగలేదు, మళ్లీ క్లచ్, మళ్లీ వదిలాడు, ఒక పెద్ద దెబ్బ, ఏదో విరిగిన దెబ్బ.

నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దమే. పిల్లవాడుగా విన్నదే. ఎక్కడో మేక. ఎవరూ మాట్లాడలేదు, ఇన్నేళ్ల అలవాటు, ఈ చోట ఇంజన్ ఆగితే ఎవరూ మాట్లాడరు. హ్యాండ్ బ్రేకు వేశాడు. నవ్వొస్తోంది, ఇరవై అన్నాను, ఇప్పుడు సున్నా, గిరిప్రసాద్ అడిగితే టర్బోలో అప్పుడప్పుడూ ఇట్లా అవుతాదప్పా, రేసుకార్లకు గూడా అవుతాది, అని. పొగ వెనక నుంచి వచ్చి కారును దాటింది, ముందు అద్దం తెల్లబడింది, కొండ పోయింది, దిమ్మెలు పోయాయి, ఖాకీ రంగు వెలుతురు మాత్రం మిగిలింది. గాలి లేదు. ఆకు కదలని ఎండ. ఈ పొగ ఎక్కడికీ పోదు, ఇక్కడే ఉంటుంది. జ్ఞానాంబ జాకెట్టుగుడ్డ విప్పి పిల్ల ముక్కుకు అడ్డం పెట్టింది. బ్రేకు వదిలితే చాలు, జారుకుంటూ ఈ పొగలోంచి కిందికి పోవచ్చు. వదలబోయి స్టీరింగ్ పట్టుకున్నాడు, తిరగలేదు. తాళం చూశాడు. లేదు. నాయన చొక్కా జేబు కొంచెం బరువుగా వేలాడుతోంది, పాపం ఆయనకు తెలిసినట్టు కూడా లేదు, బండి ఆగింది, చెయ్యి తన పని చేసుకుపోయింది.

"నాయనా, తాళం."

ముసలాయన వినలేదు. తల కొంచెం ఎత్తి, మెడ తిప్పి, వచ్చిన దోవ వైపు చెవి పెట్టాడు. మునికృష్ణ కూడా విన్నాడు. చప్పుడేమీ లేదు. చప్పుడు లేదు కాబట్టి ఏమీ రావడం లేదని ఒక్క క్షణం అనుకుని, మరుక్షణం మెడ వెనక్కి తిప్పాడు. తెల్లరాయి దగ్గర అందరి చేతులూ తాళం మీదికే పోతాయి. తాళ్లు బిగించుకుని కదలబోతున్న లారీ. దిగే బండ్లకు చప్పుడుండదు. జేబులో సెల్‌ఫోన్ ఒక్కసారి మోగి ఆగిపోయింది, గిరిప్రసాద్ మిస్డ్ కాల్, మేం దిగేసినాం అని.

తలుపు తోసి దిగాడు. పొగలో కారును తడుముకుంటూ వెనక తలుపు వైపు, లోపల్నుంచి పిల్ల అరచేత్తో అద్దం కొడుతోంది, హ్యాండిల్ లోపలే లాగుతోంది, అది రాదు, అది తను చేయించిందే, చెయ్యి రేకు మీద జారుతోంది, ఎక్కడుంది హ్యాండిల్. అప్పుడు తెలిసింది, చెవికి కాదు. కాలిన నూనె వాసన కింద నుంచి, సన్నగా, తియ్యగా, పులుపు కలిసి, బాల్యమంతా వీపు వెనక గోనె సంచుల్లో మోసిన వాసన. తోతాపురి. ఒక్క కాయది కాదు, లోడుది.

"కిష్టా," అన్నాడు నాయన లోపల్నుంచి, గొంతు ఎత్తకుండా. "కాయ బండి వస్తాండాది. తలుపు తియ్యి."

వాసన ఇంకా చిక్కబడింది. చప్పుడు మాత్రం లేదు.